పోడు ఏడాది, జీడి ఏడాది: మన తోటల కేలండర్ ఎలా మారింది



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, జీడి చెట్టుకి కొమ్మలు ఎప్పుడు కొట్టాలి? మా నాన్న పుష్యంలో కొట్టాలంటున్నాడు. తోటల సారు జూన్‌లో అంటున్నాడు. ఎవరి మాట వినాలి?"

ఒక్క లైనులో చెప్పేయొచ్చు. పిక్కలు ఏరడం అయిపోయాక, తొలకరి పడే రోజుల్లో, అంటే జూన్, జూలైలో కొట్టాలి. సారు చెప్పింది కరెక్టే. పుష్యంలో జీడి పూత మీద ఉంటుంది, అప్పుడు కొమ్మ నరికితే ఆ ఏటి పంట నరికినట్టే. మరి నాన్న పుష్యం అని ఎందుకన్నాడు? ఆయనకి చెట్టు సంగతి తెలియక కాదు. ఆయన చెప్పింది వేరే కేలండర్, మన తాతల పోడు కేలండర్. ఆ మాట దగ్గర మొదలుపెట్టి పెద్దల్ని అడుగుతూ, పుస్తకాలు తిరగేస్తూ పోతే ఇంత పొడుగు పోస్టు అయింది. ఓపిగ్గా చదవండి.

మందస, మెళియాపుట్టి, పలాస, టెక్కలి పక్క కొండల్లో మన సవర గూడేల్లో ఒకప్పుడు ఏడాది పుష్య మాఘాల్లోనే మొదలయ్యేది. కొండ వాలు మీద ఒక ముక్క ఎంచుకుని చెట్టూ పొదా కొట్టడం అప్పుడే. నరికినదంతా ఎండకి ఎండాలి కదా. చైత్రం, వైశాఖంలో తగలబెట్టేవాళ్లు. బూడిద మీద మొదటి వాన పడగానే విత్తనాలు. ఒకటి కాదు, పది రకాలు కలిపి చల్లేవాళ్లు: చోళ్లు, సామ, కొర్ర, గంటెలు, జొన్న, కంది, బొబ్బర్లు. సామలు, కొర్రలు ముందు వస్తాయి, చోళ్లు ఆ తర్వాత, కంది అన్నిటికంటే ఆఖరు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. మూడు నాలుగేళ్లు చేశాక ఆ ముక్క వదిలేసి ఇంకో చోటికి పోవడం, అడవి మళ్లీ లేచాక తిరిగి రావడం.

మన పండగలన్నీ ఈ వరసలోనే ఉన్నాయి చూడండి. కొత్త పంట దేనికైనా ముందు కొత్త చెయ్యాలి, తర్వాతే తినాలి. కందికొత్త చెయ్యకుండా కొత్త కంది ముట్టరు. టెంక పండగ కాకుండా మామిడి కాయ కొయ్యరు. దీన్ని మూఢనమ్మకం అని కాలేజీలో మన పక్క బెంచీవాళ్లు నవ్వితే నవ్వొచ్చు గానీ, మామిడి కాయ ముదరకముందే ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు దులిపేసుకోకుండా ఊరంతటికీ ఒక రోజు పెట్టడం అన్నది చెట్టుకి మంచిదే, పేదోడికీ మంచిదే. పండగ తేదీ అంటే కోత తేదీ.

పోడు గురించి చెప్పేటప్పుడు మన సవరల రాతిగట్ల మడులు మరిచిపోవద్దు. వాలు మీద గెడ్డ నీళ్లు మెట్టు మెట్టుగా దిగేట్టు, రాళ్లు పేర్చి, ఒక్కోటి మనిషెత్తు గోడ కట్టి వరి పండించిన జాతి మనది. 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు, మన గోడ బొమ్మల గురించి కూడా అందులో ఉంది. బయటివాళ్లు బొమ్మలే ఎక్కువ చూశారు. మాకైతే ఆ రాతి గట్టు కూడా అంత గొప్పదే అనిపిస్తుంది. ఏటా వాన ముందు జారిన రాళ్లు తిరిగి పేర్చాలి, అది ఇంటి పనుల్లో ఒక పని. ఆ గట్ల సంగతి చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

అయితే ఆ రోజులు బంగారం అని మేం చెప్పం. ఆషాఢ శ్రావణాలు ఆకలి నెలలు. పాత గింజ అయిపోతుంది, కొత్తది రాదు. కలుపు తీసే కష్టం మాత్రం అప్పుడే. ఆ నెలల కోసమే మామిడి టెంకలు ఎండబెట్టి దాచేవాళ్లు. లోపలి జీడి తీసి, దంచి, వగరు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి, అంబలి కాచేవాళ్లు. సరిగ్గా ఎండక బూజు పట్టిన టెంక తిని వాంతులు, విరేచనాలు పట్టుకుని మనుషులు పోయిన కథలు ప్రతి గూడెంలోనూ ఉన్నాయి. అమ్మమ్మని అడగండి, చెప్తుంది.

ఇక కొండ దిగి వద్దాం. మనకి కొండ మీద అన్నీ ఉన్నాయి గానీ ఉప్పు లేదు. ఉప్పు నౌపడ మడుల్లో ఉంది, ఎండు చేప సముద్రం ఒడ్డున ఉంది. చింతపండు, అడ్డాకులు, కొండ చీపుర్లు, పసుపు, కందులు కావిడి కట్టుకుని సంతకి దిగి, ఉప్పూ చేపా గుడ్డా ఎత్తుకెళ్లడం తరతరాల పని. 1890లలో మద్రాసు-కలకత్తా రైలు దారి పలాస మీదుగా పడింది. 1900లో నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది, 1931కి గుణుపురం దాకా పోయింది. రైలు వచ్చాక షావుకారు కొండకి ఇంకా దగ్గరయ్యాడు. పైరు పచ్చగా ఉన్నప్పుడే ఆకలి నెలలో గింజ అప్పు ఇవ్వడం, కోతకి రెట్టింపు కొలుచుకోవడం అందరికీ తెలిసిన కథే.

అడవి కూడా మెల్లగా చెయ్యి జారింది. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. జమీందారీ అడవుల్లో జమీందారు మాటే చట్టం. నాగలికి కర్ర, ఇంటికి దూలం, వంటకి పుల్ల, దేనికైనా అడ్డే. ఈ కోపం ఒక్క మనదే కాదు. మందస జమీందారీలో మైదానం రైతులు కూడా అడవి కర్ర హక్కు కోసమే లేచారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు. సాసుమాన గున్నమ్మ, నిండు గర్భిణి, ఆ కాల్పుల్లో చనిపోయింది. ఆమెతో పాటు ఇంకొందరు. వీర గున్నమ్మ అని మనం చదువుకున్నది ఆవిడ గురించే. బండెడు కర్ర కోసం పోయిన ప్రాణాలవి. అంతకు నాలుగేళ్ల ముందు సరిగ్గా అదే తేదీన, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది, టెక్కలి, పలాస, మందస ఇటు ఉండిపోయాయి. మహేంద్రగిరి చుట్టూ ఉన్న మన జనం మధ్యలో గీత పడింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. అడవి మాత్రం మనకి రాలేదు, ప్రభుత్వానికి పోయింది.

ఇప్పుడు ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట నుంచి మందస, వజ్రపుకొత్తూరు, పలాస దాకా సముద్రం పక్క ఇసుక నేల. మన ముందు తరం చాలామంది అక్కడికి కూలికి పోయినవాళ్లే, మనలో కొందరు ఇప్పటికీ సెలవుల్లో పోతున్నాం. అక్కడి తోట చూస్తే ఒక విధంగా మన పోడులాగే ఉంటుంది. ఒకే చోట పైన కొబ్బరి, దాని కింద పనస, మామిడి, జీడి, ఇంకా కింద అరటి, మునగ, కంద. తేడా ఒక్కటే. పోడు ఏడాదికి ఒకసారి మొదలై ఒకసారి అయిపోతుంది, ఉద్దానం తోట అయిపోదు. చెట్టుకి మనిషి జీవితకాలం చాకిరీ చెయ్యాలి.

కొబ్బరి పని మనవాళ్లు నేర్చుకున్నది అక్కడే. వానలు పడగానే చెట్టు చుట్టూ పాదు తవ్వి పశువుల గెత్తం, పచ్చిరొట్ట వెయ్యాలి, వానలు తగ్గే ముందు ఇంకోసారి. వేసవికి కొబ్బరి డొక్కలు పాదులో వెల్లకిలా పరిచి మట్టి కప్పితే అవే గిన్నెల్లా తడి పట్టి ఉంచుతాయి. మొవ్వులో కొమ్ము పురుగు పడితే ఇనుప కొక్కెంతో లాగేసి, మట్టల సందుల్లో ఇసుకలో వేపపిండి కలిపి పొయ్యాలి. గెత్తం గుంట చెట్టు పక్కనే పెట్టకూడదు, ఆ పురుగు పుట్టేది అందులోనే. ఇవన్నీ కూలి పని చేస్తూ కంటితో నేర్చుకున్న చదువులు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

జీడి మన చెట్టు కాదు. అసలు ఈ దేశం చెట్టే కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో పడమటి తీరానికి తెచ్చారు. ఇసుకలోనూ బతుకుతుంది, రాతి గరపలోనూ బతుకుతుంది. అందుకే ఉద్దానం తీరంలోనూ నిలిచింది, మన కొండ వాలు మీదా నిలిచింది. పలాస, కాశీబుగ్గలో పప్పు తీసే బట్టీలు పెరిగాయి, పిక్కకి గిరాకీ పెరిగింది. 1970ల నుంచి, అంటే శ్రీకాకుళం కొండల్లో అంత రక్తం పారాక, ప్రభుత్వానికి కొండల మీద చూపు పడింది. 1/70 చట్టం వచ్చింది, ఐటీడీఏ వచ్చింది. పోడు మానండి, జీడి వెయ్యండి అని మొక్కలిచ్చారు. మనవాళ్లు వేశారు. ఎందుకు వేశారంటే మొక్క ఫ్రీ అని మాత్రమే కాదు. పోడు ముక్క వదిలేసి వెళ్తే తిరిగొచ్చేసరికి అక్కడ ఫారెస్టువాళ్ల బోర్డు ఉంటుంది. చెట్టు వేస్తే నేల మీద ఒక సాక్ష్యం నిలబడుతుంది. మన పెద్దలు చదువుకోకపోయినా ఈ లెక్క బాగా తెలిసినవాళ్లు.

అలా కేలండర్ మారింది. ఇప్పుడు ఏడాది జూన్‌లో మొదలవుతుంది. ఎండు కొమ్మలు, ఒకదాని మీద ఒకటి పడ్డ కొమ్మలు, నేలకి వాలినవి రంపంతో కొయ్యాలి. కత్తితో గంట్లు పెట్టకూడదు, కోసిన చోట బోర్డో పేస్టు రాయాలి. కొత్త మొక్క వేసేదీ అప్పుడే. గింజ పాతేసిన పాత చెట్లు ఒక్కోటి ఒక్కోలా కాస్తాయి, అందుకే ఇప్పుడు బాపట్ల పరిశోధన కేంద్రం రకం బీపీపీ-8 అంట్లు ఇస్తున్నారు. చెట్టుకీ చెట్టుకీ 8 మీటర్లు వదలాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు, దాని కింద నుంచి వచ్చే చిగురు ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. ఆ చిగురు వదిలేస్తే నువ్వు పెంచేది అంటు కాదు, కింద ఉన్న అడివి మొక్క. మొదటి రెండేళ్లు వచ్చిన పూత కూడా తుంచెయ్యాలి. అమ్మలకి ప్రాణం ఒప్పదు ఈ పని, "పువ్వు తుంచుతావేట్రా" అని తిడతారు.

ఆగస్టు, సెప్టెంబరులో కలుపు, ఎరువు. వాలు మీద చెట్టుకి దిగువన అర్ధచంద్రంలా గట్టు వేస్తే వాన నీరూ ఆకూ అక్కడే ఆగుతాయి. అక్టోబరు తుపాను నెల, దాని సంగతి తర్వాత. నవంబరులో కొత్త ఇగురు, దాంతోపాటే టీ దోమ. ఇగురు మాడి నల్లబడితే అది మంచు వల్ల అనుకుని మనవాళ్లు చాలా ఏళ్లు ఊరుకున్నారు. మంచుతో పాటు దోమ కూడా ఉంది. ఇగురు, పూత, పిందె మూడు దశల్లోనూ చూసుకోవాలి. డిసెంబరు, జనవరిలో పూత. ఫిబ్రవరి చివర నుంచి మే దాకా పిక్క. చెట్టు మీద కోయకూడదు, రాలినదే ఏరాలి, పండు తిప్పి పిక్క తీసి రెండు మూడు రోజులు ఎండబెట్టాలి.

ఏడాది పొడుగునా చూడాల్సింది మొదలు దగ్గర. బంక కారినా, రంపపు పొట్టులాంటిది రాలినా కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. ఉలితో బెరడు లేపి పురుగుని తీసి చంపాలి. తారు ఒక వంతు, కిరసనాయిలు రెండు వంతులు కలిపి మొదట్లో మీటరు ఎత్తు దాకా పూస్తే మళ్లీ గుడ్లు పెట్టదు. చచ్చిన చెట్టుని వేళ్లతో సహా తీసి కాల్చెయ్యాలి. పాపం అని వదిలేస్తే పక్క పది చెట్లకి పాకుతుంది.

రెండు కేలండర్లు ఎక్కడ గుద్దుకున్నాయో ఇప్పుడు చూడండి. పోడువాడు చైత్రంలో నిప్పు పెడతాడు, జీడి తోటలో అప్పుడు ఎండాకూ పిక్కా నేల మీద ఉంటాయి. ఒక గూడెం నిప్పు పక్క గూడెం తోటని తినేసి, మనలో మనకే తగువులు పడ్డ రోజులున్నాయి. మాఘంలోపు తోట చుట్టూ నాలుగు బారల వెడల్పున ఆకు ఊడ్చి ఖాళీ దారి చెయ్యడం ఆ తగువుల తర్వాత అలవాటైంది.

ఇల్లు కూడా మారింది. మన వరస ఇళ్లకి గడ్డి కప్పు మార్చేది ఫాల్గుణ చైత్రాల్లోనే, కొండ కొట్టడానికీ కాల్చడానికీ మధ్య ఖాళీలో. గడ్డి కొయ్యడం ఒక ఇల్లు, కట్టడం ఊరంతా. ఇప్పుడు ఆ నెలల్లో ఊరంతా పిక్కల కింద వంగి ఉంటుంది. కాలనీ ఇళ్ల వల్లే రేకూ స్లాబూ వచ్చాయని అందరూ అంటారు. గడ్డి కప్పే చేతులు ఆ నెలలో ఖాళీగా లేకపోవడం కూడా ఒక కారణం అని మాకనిపిస్తుంది. ఎర్రమట్టి గోడ పోతే దాని మీద బియ్యప్పిండి బొమ్మా పోయింది. ఒడిశా వైపు ఇడితాల్ అని బట్ట మీద, కాగితం మీద వేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు, మంచిదే. మన అవ్వ మాత్రం ఆ బొమ్మ వేసింది ఎగ్జిబిషన్‌కి కాదు, చనిపోయినవాళ్లకి ఇంట్లో చోటివ్వడానికి.

ధర గురించి క్లుప్తంగా. పిక్క అమ్మేది 80 కిలోల బస్తా లెక్క. పలాస బట్టీలకి ఆఫ్రికా దేశాల పిక్క కూడా ఓడల్లో వస్తుంది, అక్కడ పంట బాగుంటే ఇక్కడ మన బస్తా ధర పడుతుంది. ఇది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది పూత మీదే తోట అమ్మేసుకోకపోవడం, ఎండని పిక్క తొందరపడి వెయ్యకపోవడం. ఇంట్లో ఆకలి నెల గడవాలి, పిల్లల ఫీజు కట్టాలి అంటే పూత మీద అమ్మక ఏం చేస్తారు? పాత గింజ అప్పు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చిందంతే. పోడులో పది గింజలు ఉండేవి, జీడి ఒక్కటే. గొడుగు పెరిగాక దాని నీడలో చోడి కూడా మొలవదు. మొదటి నాలుగేళ్లు చెట్ల మధ్య కంది, పసుపు, అనాస వేసుకున్న ఇళ్లు మాత్రం కొంత నిలదొక్కుకున్నాయి.

ఇక 2018 అక్టోబరు 11. తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2013లో ఫైలిన్ చూశాం, 1999లో పెద్దలు చూశారు, ఇది వేరు. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే ఉద్దానం నుంచి ఆకాశం కనిపించింది. అంతకుముందు ఆ దారిలో నడిస్తే కొబ్బరి మట్టలే కనిపించేవి. కొబ్బరి మొవ్వులు మెలితిరిగి విరిగాయి. జీడి వేళ్లతో సహా పక్కకి పడుకుంది. ముప్పై ఏళ్ల చెట్లు, ఒక్కో ఇంటి బ్యాంకు ఖాతాలు అవి. పడ్డ కర్రని వంటచెరకు ధరకి కూడా కొన్నవాడు లేడు.

మా గూడేల్లో ఆ నష్టం రెండుసార్లు జరిగింది. లెక్క రాయడానికి వచ్చినవాళ్లు పాసు పుస్తకం అడిగారు, పట్టా అడిగారు. ఉన్నవాళ్ల చెట్లు లెక్కలోకి ఎక్కాయి. లేనివాళ్ల చెట్లు పక్కనే, అదే గాలికి, అలాగే పడి ఉన్నా కాగితం ప్రకారం అక్కడ చెట్లే లేవు. ముప్పై ఏళ్లు నీళ్లు పోసి పెంచిన చెట్టు పడ్డాక కూడా మనది కాదని తెలిసిన రోజు అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయింది, మన ఐటీడీఏ పక్క జిల్లాలో పడింది. ఒక్క కాగితం కోసం తిరగడం ఇంకా దూరమైంది.

అందుకే ఈ చరిత్ర అంతా రాశాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడికి, సాగు చేస్తున్న మేరకు, 4 హెక్టార్ల దాకా హక్కు ఇవ్వాలి. పెళ్లయినవాళ్లకి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. సాక్ష్యం అంటే సర్కారు కాగితం ఒక్కటే కాదు. నేల మీద చేసిన పనులు సాక్ష్యం: ఇల్లు, చదును చేసిన మడి, గట్టు. పైన చెప్పిన రాతి గట్లు ఇక్కడికొస్తాయి. పాత బావి, శ్మశానం, దేవత చోటు సాక్ష్యం. దరఖాస్తుదారు కాని పెద్దవాళ్లు చెప్పిన మాట రాసి పెడితే అదీ సాక్ష్యం. ఒకటి చాలదు, ఒకటికి మించి పెట్టాలి. దరఖాస్తు ముందు వెళ్లేది గ్రామసభకే.

మన తాతలకి తేదీలు తెలియవు, చెట్లు తెలుసు. ఆ తమ్ముడి నాన్నతో మొన్న ఫోన్లో గంటసేపు మాట్లాడాం. పై ముక్కలో జీడి ఎప్పుడు వేశారంటే సంవత్సరం చెప్పలేకపోయాడు. "పెద్దోడు పుట్టిన వానలకి వేశాను, సూపర్ సైక్లోన్ ఏడాదికి అది మొదటి పెద్ద కాపు" అన్నాడు. పెద్ద కొడుకు పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఉంది. ఎగువ గట్టు ఎవరు పేర్చారంటే తన తండ్రి, ఇద్దరు బావలు అన్నాడు. ఆ బావల్లో ఒకాయన ఇంకా ఉన్నాడు, మాట బాగానే వస్తుంది. తమ్ముడు వచ్చే ఆదివారం ఆయన దగ్గరికి నోటుబుక్కు పట్టుకుని వెళ్తున్నాడు. కొమ్మలు మాత్రం జూన్‌లోనే కొడతామని నాన్న ఒప్పుకున్నాడు.